కౌబాయ్స్ 2024 డ్రాఫ్ట్: 24లో తీసేసుకోవడమా, కిందికి దిగడమా?

ఫ్రిస్కో_మాధవ్ · ఏప్రిల్ 14, 2024

ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్, అంటే క్లబ్బులు వరసగా కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునేది, 25న డెట్రాయిట్‌లో మొదలు. మన డల్లాస్ కౌబాయ్స్ పాత థ్రెడ్ మొత్తం క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) డాక్ ప్రెస్కాట్ కాంట్రాక్ట్ గొడవతో నిండిపోయింది కాబట్టి దీన్ని విడిగా తెరుస్తున్నా. ఇక్కడ డ్రాఫ్ట్ మాట మాత్రమే.

మన చేతిలో ఉన్న పిక్‌లు (ఎంపిక నంబర్లు): 24, 56, 87. ఆ తర్వాత 174, 216, 233, 244. నాలుగో రౌండ్ పిక్ నిరుడు ఆగస్టులో ట్రే లాన్స్ కోసం శాన్ ఫ్రాన్సిస్కోకి ఇచ్చేశాం. అంటే 87 అయ్యాక 86 పేర్లు చదివేదాకా మనవాళ్ళు చేతులు కట్టుకుని చూడాలి.

పోయినవాళ్ళు: లెఫ్ట్ టాకిల్ టైరన్ స్మిత్ జెట్స్‌కి, సెంటర్ బియాడిష్, ఆర్మ్‌స్ట్రాంగ్, ఫౌలర్ ముగ్గురూ మన పాత డిఫెన్స్ కోచ్ క్విన్ వెంట వాషింగ్టన్‌కి, పోలార్డ్ టెనెసీకి, హాంకిన్స్ సియాటిల్‌కి. వాండర్ ఎష్ రిటైర్ అయ్యాడు. వచ్చినవాళ్ళలో చెప్పుకోదగ్గ పేరు ఎరిక్ కెండ్రిక్స్ ఒక్కటే. "ఆల్ ఇన్" (ఉన్నదంతా పెట్టేస్తాం) అని ఓనర్ జెర్రీ జోన్స్ అన్నది జనవరిలో. ఇంకా దాని అర్థం వెతుకుతూనే ఉన్నాం.

లెఫ్ట్ టాకిల్ (ఆఫెన్స్ లైన్ ఎడమ చివర అడ్డుకునేవాడు), సెంటర్ (లైన్ మధ్య నుంచి బంతి వెనక్కి ఇచ్చేవాడు), రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు), లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో రెండో వరస), డిఫెన్సివ్ టాకిల్ (డిఫెన్స్ లైన్ మధ్యలో నిలబడేవాడు). ఐదు ఖాళీలు, పనికొచ్చే పిక్‌లు మూడు. ఎవరి లెక్క వాళ్ళు చెప్పండి. "ఉన్నవాళ్ళలో బెస్ట్ ప్లేయర్‌ని తీసుకోవాలి" అని ఒక్క ముక్క రాసి పారిపోకండి.

ట్రెంచ్_శాస్త్రి · ఏప్రిల్ 14

అన్నిటికంటే ముందు తేలాల్సింది ఒక్కటే. టైలర్ స్మిత్ ఎక్కడ ఆడతాడు? 2022లో టైరన్‌కి గాయమైతే రూకీగానే లెఫ్ట్ టాకిల్ ఆడాడు. నిరుడు లెఫ్ట్ గార్డ్‌గా (టాకిల్‌కీ సెంటర్‌కీ మధ్య) ఆడి ఆల్-ప్రో (ఏడాది మేటి ఆటగాళ్ళ) రెండో జట్టులోకి వచ్చాడు. అతన్ని మళ్ళీ బయటికి జరిపితే లోపల గార్డ్, సెంటర్ రెండూ ఖాళీ. అప్పుడు టీజే బాస్, బ్రాక్ హాఫ్‌మన్ పక్కపక్కన ఆడాలి, ఇద్దరూ అన్‌డ్రాఫ్టెడే (డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనివాళ్ళు). అతన్ని గార్డ్‌లోనే ఉంచితే మనకి లెఫ్ట్ టాకిల్ కావాలి. 24 దగ్గర ఎవరిని తీసుకోవాలన్నది ఈ ఒక్క నిర్ణయం మీద ఉంది.

24 చుట్టుపక్కల మాట్లాడుకోదగ్గవాళ్ళు:

ట్రాయ్ ఫౌటానూ (వాషింగ్టన్ కాలేజీ): లెఫ్ట్ టాకిల్‌లోనే ఆడాడు, గార్డ్‌కీ పనికొస్తాడు. 20లో పిట్స్‌బర్గ్ వదిలితే ఆశ్చర్యపోతా.

గ్రాహం బార్టన్ (డ్యూక్): లెఫ్ట్ టాకిల్ ఆడాడు కానీ చేతులు 33 అంగుళాలకి వెంట్రుకవాసి తక్కువ. భుజం ఎముక కొస నుంచి మధ్యవేలి చివరిదాకా కొలుస్తారు. టాకిల్‌కి 33 అన్నది చాలా క్లబ్బుల్లో గీత. అందుకే అందరూ ఇతన్ని లోపల ఆడే మనిషిగా చూస్తున్నారు. 2020లో ఫ్రెష్‌మన్‌గా సెంటర్ ఆడిన అనుభవం కూడా ఉంది.

అమేరియస్ మిమ్స్ (జార్జియా): ఆరడుగుల ఎనిమిది, 340 పౌండ్లు, కాలేజీలో మొత్తం స్టార్ట్‌లు 8. నిరుడు చీలమండ ఆపరేషన్. ఆడినదంతా కుడివైపు.

టైలర్ గైటన్ (ఓక్లహోమా): ముందు టీసీయూలో ఉన్నాడు, టెక్సస్ పిల్లాడే. పాదాలు చాలా తేలిక. ఇతను కూడా దాదాపు అంతా కుడివైపే.

జాక్సన్ పవర్స్-జాన్సన్ (ఒరెగాన్): కాలేజీ సెంటర్లకిచ్చే రిమింగ్టన్ ట్రోఫీ నిరుడు ఇతనిదే.

కుడివైపువాణ్ణి ఎడమకి మార్చడం అంటే జెర్సీ మార్చినంత సులువనుకునేవాళ్ళకి ఒక మాట. రైట్ టాకిల్ కుడికాలు వెనక్కి పెట్టి నిలబడతాడు, ఎడమకాలు నేలని తోస్తుంది, కుడికాలు వెనక్కి జారుతుంది. ఎడమవైపుకి వస్తే మొత్తం తిరగబడుతుంది. ప్రాక్టీస్‌లో బాగానే చేస్తాడు. మూడో క్వార్టర్‌లో ఆయాసం వచ్చాక, ఎదుటివాడు బయటివైపు వేగంగా వస్తే కంగారుపడి నడుము తొందరగా తెరిచేస్తాడు. అంతే, లోపలి దారి బార్లా తెరుచుకుంటుంది. రెండడుగులు బయటికి నటించి లోపలికి దూరితే డాక్ నడుం మీద పడతాడు. చేతుల టైమింగ్ కూడా మారుతుంది, ఇప్పుడు బయటిచెయ్యి ఎడమది. దీనికి ఒక వేసవి మొత్తం పడుతుంది, ఒక్కోసారి రెండు.

నా ఓటు: బార్టన్ ఉంటే 24లో బార్టన్. టైలర్ స్మిత్ టాకిల్‌కి, బార్టన్ సెంటర్‌కి. గార్డ్‌గా బాస్ నడిపేస్తాడు.

చార్ట్_గురూ · ఏప్రిల్ 14

శాస్త్రి గారు, బార్టన్ మంచివాడే, కాదనను. కానీ 24లో ఒక్క సెంటర్‌ని తీసుకుని 87 తర్వాత దిక్కులు చూడటం నాకు నచ్చదు. దిగాలి, అంటే 24 ఇచ్చి కింది పిక్‌లు తీసుకోవాలి.

పిక్‌లకి పాయింట్లు కట్టే చార్ట్ పుట్టిందే మన క్లబ్బులో. జిమ్మీ జాన్సన్ పేరుతో తిరుగుతుంది కానీ లెక్క కట్టింది మైక్ మెకాయ్. దాని ప్రకారం 24 విలువ 740, 56 విలువ 340, 87 విలువ 155. ఇప్పుడు మన వెనకున్నవాళ్ళని చూడండి.

బఫలో, 28 (660): డిగ్స్‌ని హ్యూస్టన్‌కి పంపేశారు, పాస్‌లు పట్టే రిసీవర్ కావాలి. తేడా 80. వాళ్ళకి మూడో రౌండ్ పిక్ లేదు, రసూల్ డగ్లస్ కోసం ఇచ్చేశారు. నాలుగులో 128 (44), 133 (39.5) ఉన్నాయి. రెండూ కలిపి 83.5. లెక్క చక్కగా అతుకుతుంది. మనకి సరిగ్గా లేనిదే నాలుగో రౌండ్!

డెట్రాయిట్, 29 (640): తేడా 100. వాళ్ళ దగ్గర మిన్నెసోటా నుంచి హాకిన్‌సన్ ట్రేడ్‌లో వచ్చిన 73 ఉంది. దాని విలువ 225. ఊరికే ఇవ్వరు, మనం ఏదో తిరిగివ్వాలి. కానీ వాళ్ళకి కార్నర్ (రిసీవర్లని కాచే డిఫెండర్) కావాలి, డ్రాఫ్ట్ జరిగేది వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ జనం ముందు.

గ్రీన్ బే, 25: ఒక్క మెట్టు, తేడా 20. పైగా జనవరి ప్లేఆఫ్‌లో మనల్ని 48-32తో ఓడించినవాళ్ళకి సాయం చెయ్యాలని ఎవడికుంటుంది?

ఫ్రేజియర్, బీబీ లాంటి లోపలి లైన్‌మెన్ రెండో రౌండ్ నుంచి మూడో రౌండ్ మొదట్లోపు వెళ్తారు. అంటే 29లో టాకిల్, 73లో సెంటర్. ఒక్క పిక్‌తో రెండు ఖాళీలు.

నల్గొండ_నోస్‌టాకిల్ · ఏప్రిల్ 15

అందరూ ఆఫెన్స్ లైన్ ఆఫెన్స్ లైన్ అంటున్నరు. ప్లేఆఫ్‌ల ఆరన్ జోన్స్ మన నడిమిట్లకెళ్ళి 118 గజాలు, మూడు టచ్‌డౌన్‌లు కొట్టిండు. గది అప్పుడే మర్చిపోయిన్రా?

కొత్త డిఫెన్స్ కోచ్ జిమ్మర్ వచ్చిండు. గాయన డిఫెన్స్‌ల సెంటర్‌కి అటో ఇటో నిలబడి ఇద్దరు బ్లాకర్లని ఆపే మనిషి ఉండాలె. హాంకిన్స్ గా పని జేసేటోడు, ఇగ లేడు. మేజీ స్మిత్‌ని నిరుడు 26ల తీసుకుని, బరువు తగ్గించి ఉరికించిన్రు. గా శరీరం ఉరకనీకి లేదు భాయ్, కదలకుండ నిలబడనీకి ఉంది. జిమ్మర్ మళ్ళ బరువు పెంచుతడు, గది మంచిదే. కానీ ఒక్కడు సాలడు. 56ల టెక్సస్ టవాండ్రే స్వెట్ ఉంటే గుంజుకోవాలె. కంబైన్‌ల (డ్రాఫ్ట్ ముందు పెట్టే పరీక్షలల్ల) 366 పౌండ్లు తూగిండు.

ఫ్రిస్కో_మాధవ్ · ఏప్రిల్ 15

నల్గొండ అన్నా, స్వెట్ మీద నాకు అనుమానం ఒక్కటే. 366 పౌండ్ల మనిషి ఆటకి ఎన్ని స్నాప్‌లు (బంతి కదిలే ఒక్కో ప్లే) ఆడగలడు? ఇప్పటి లీగ్‌లో మూడో డౌన్‌కి (ఎక్కువగా పాస్ వేసే మూడో ప్రయత్నానికి) అతన్ని పక్కన పెట్టాల్సిందే. సగం ఆటగాడికి రెండో రౌండ్ పిక్ ఎక్కువ. అదే బరువు పని 216లోనో, జూన్‌లో మిగిలిన వెటరన్‌తోనో అవుతుంది.

లైన్‌బ్యాకర్ అయితే ఒప్పుకుంటా. జిమ్మర్ పాత అలవాటు తెలుసు కదా, ఇద్దరు లైన్‌బ్యాకర్లని సెంటర్‌కి రెండువైపులా లైన్ మీద నిలబెడతాడు. ఇద్దరూ దూకొచ్చు, ఒక్కడే దూకొచ్చు, ఇద్దరూ వెనక్కి పోవచ్చు. స్నాప్ పడేదాకా క్వార్టర్‌బ్యాక్‌కి తెలీదు. అక్కడ నిలబడ్డవాడికి వెనక్కి తిరిగి మధ్యలో పాస్ ఆపే కాళ్ళు ఉండాలి. మిన్నెసోటాలో ఈ పని కెండ్రిక్స్, బార్ చేసేవాళ్ళు. కెండ్రిక్స్‌కి ఇప్పుడు 32. మన కుర్ర లైన్‌బ్యాకర్ ఓవర్‌షోన్ నిరుడు ప్రీసీజన్‌లోనే మోకాలు పోగొట్టుకున్నాడు, ఇంకా ఒక్క అసలు ఆట ఆడలేదు.

టెక్సస్ ఏ అండ్ ఎమ్ కుర్రాడు ఎడ్జరిన్ కూపర్ 56 దాకా ఆగితే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. ఆగడు అనుకోండి. పేటన్ విల్సన్ వేగం అద్భుతం, నిరుడు బట్కస్ అవార్డు కూడా అతనిదే. కానీ మోకాళ్ళు, భుజాల సర్జరీల చిట్టా పెద్దది, వయసు 24 నిండబోతోంది. ఇండియానాపోలిస్ కంబైన్‌లో డాక్టర్లు చూసిన రిపోర్టులు మనకి కనపడవు. అతను మూడో రౌండ్‌లోకి జారితే కారణం అదే అని అర్థం చేసుకోండి, "దొంగిలించాం" అని చంకలు గుద్దుకోకండి.

పరుగు_పంతులు · ఏప్రిల్ 15

రన్నింగ్ బ్యాక్ సంగతి ఎవరూ ఎత్తట్లేదేం? పోలార్డ్ నిరుడు 1,005 గజాలు పరిగెత్తాడు. ఇప్పుడు రికో డౌడల్, డ్యూస్ వాన్, రాయిస్ ఫ్రీమన్. ఈ ముగ్గురితో సీజన్ మొదలెడితే నవ్వులపాలే.

టెక్సస్ జొనథన్ బ్రూక్స్ నా మనిషి. నవంబర్‌లో టీసీయూ మీద ఏసీఎల్ (మోకాలి లిగమెంట్) తెగింది, లేకపోతే 56 దాకా మాటే ఉండేది కాదు. ఆగస్టుకల్లా మైదానంలోకి రావచ్చు.

చార్ట్_గురూ · ఏప్రిల్ 15

పంతులు గారు, ఈసారి మొదటి రౌండ్‌లో ఒక్క రన్నింగ్ బ్యాక్ కూడా వెళ్ళే సూచన లేదు. లీగ్ మొత్తం ఆ పొజిషన్‌కి వెల తగ్గించేసింది. మనకే చూడండి, డిమార్కో ముర్రే మూడో రౌండ్ 71, పోలార్డ్ నాలుగో రౌండ్ 128. నాలుగో పిక్ పెట్టి జీక్‌ని (ఎజెకియల్ ఎలియట్) తీసుకున్న 2016 సంగతి వేరు, అప్పుడు ముందున్న లైన్ వేరు. ఇప్పుడు ముందు దారే లేకపోతే బ్రూక్స్ అయినా బ్యాక్‌ఫీల్డ్‌లోనే పడిపోతాడు.

ఇంకోటి, రూకీ బ్యాక్‌లు బెంచీ మీద కూర్చునేది పరుగు రాక కాదు, బ్లిట్జ్‌ని (క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనంగా దూకేవాళ్ళని) ఆపడం రాక. ఎవడు దూకుతున్నాడో చూసి, లోపలి మనిషిని ముందు పట్టుకోవాలి. తప్పితే డాక్ పడతాడు, మరుసటి వారం నుంచి వాడు ఆడడు. జీక్ ఫ్రీ ఏజెంట్‌గా ఖాళీగానే ఉన్నాడు. పరుగు తగ్గింది కానీ ఆ పని ఇప్పటికీ బాగా చేస్తాడు. డ్రాఫ్ట్ అయ్యాక తక్కువ డబ్బుకి వస్తాడు. 56ని దానికి తగలెయ్యొద్దు.

పరుగు_పంతులు · ఏప్రిల్ 15

జీక్‌ని తెచ్చి "సమస్య తీరింది" అంటే, మీకో దండం. డౌడల్‌తో కలిపి పంచుకోవడానికి అయితే సరే. అయినా 87లో ఒక బ్యాక్‌ని తీసుకోవడానికి మీ చార్ట్ అడ్డమా?

కొత్తగా_చూస్తున్నా · ఏప్రిల్ 16

హైదరాబాద్ నుంచి. ఈ మధ్యే ఈ ఆట చూడటం మొదలెట్టాను. ఇది ఐపీఎల్ వేలం లాంటిదేనా? డబ్బు ఎక్కువ పెట్టి 24 ముందే మనకి కావాల్సినవాణ్ణి కొనలేమా? ఇక్కడ ఎన్నింటికి వస్తుంది?

ఫ్రిస్కో_మాధవ్ · ఏప్రిల్ 16

వేలం కాదు తమ్ముడూ, వరస. ఓడినవాళ్ళు ముందు, గెలిచినవాళ్ళు చివర. 12-5తో ప్లేఆఫ్ మొదటి ఆటలో ఓడాం కాబట్టి 24. డబ్బుతో కొనడం కుదరదు. మన పిక్‌లు ఇచ్చి పై పిక్ తెచ్చుకోవచ్చు, ఇక్కడ జరుగుతున్న గొడవంతా దాని గురించే. జీతం కూడా పిక్ నంబర్‌ని బట్టి ముందే దాదాపు ఖాయం. నాలుగేళ్ళ కాంట్రాక్ట్, మొదటి రౌండ్ వాళ్ళకి మాత్రం ఐదో ఏడు క్లబ్ ఇష్టం. మన రిసీవర్ సీడీ లాంబ్ ఇప్పుడు ఆ ఐదో ఏడులోనే ఉన్నాడు, సుమారు 1.8 కోట్ల డాలర్లు.

మొదటి రౌండ్ మీకు శుక్రవారం తెల్లవారుజామున 5:30కి. రెండు, మూడు రౌండ్లు శనివారం 4:30కి. మిగతావి శనివారం రాత్రి 9:30కి. మొదటి రౌండ్‌లో పిక్‌కి 10 నిమిషాలు, రెండులో 7, మూడు నుంచి ఆరు దాకా 5, ఏడులో 4. మన 24 రావడానికి మూడు గంటలైనా పడుతుంది, నిదానంగా లేచి కాఫీ తాగి కూర్చోండి.

ట్రెంచ్_శాస్త్రి · ఏప్రిల్ 16

గురూ గారి 29+73 గురించి రెండు అభ్యంతరాలు.

మొదటిది, ట్రేడ్ డౌన్ మన చేతిలో లేదు. అవతలివాడికి 24లో ఒక మనిషి మీద మోజు ఉండాలి, ఆ మనిషి 23 దాటి మిగలాలి. అప్పటిదాకా ఎవడూ ఖాయం చెయ్యడు, "వాడు మిగిలితే ఫోన్ చేస్తాం" అనే అంటాడు. మన గడియారం మొదలయ్యాక 10 నిమిషాల్లో బేరం తేలాలి, రెండు క్లబ్బులూ లీగ్‌కి చెప్పాలి. ఒకళ్ళ ఫోన్ ఆలస్యమైతే ట్రేడ్ లేనట్టే. 2003లో మిన్నెసోటాకి ఏడో పిక్ దగ్గర ఇదే జరిగింది. బాల్టిమోర్‌తో బేరం కుదిరిందనుకున్నారు, గడియారం అయిపోయింది, జాక్సన్‌విల్, కరోలినా ముందుకి దూకి తమ పేర్లు ఇచ్చేశాయి. మిన్నెసోటా తొమ్మిదిలో తీసుకుంది.

రెండోది, టాకిల్స్ కరువు. 18లో సిన్సినాటి, 20లో పిట్స్‌బర్గ్, 21లో మయామి, 22లో ఈగల్స్, అందరి కళ్ళూ లైన్ మీదే. 24లో ఒక్కడే మిగిలి, మనం ఐదు మెట్లు దిగితే వాడూ పోతాడు. అప్పుడు 29లో ఎవడో నాలుగో టాకిల్‌ని పట్టుకుని ఏడవాలి.

చార్ట్_గురూ · ఏప్రిల్ 16

మొదటి అభ్యంతరం నిజమే. రెండోది చరిత్ర చూసి మాట్లాడదాం.

2013లో 18 (900) ఇచ్చి 31 (600), 74 (220) తీసుకున్నాం. చార్ట్ ప్రకారం 80 పాయింట్ల నష్టం. సెంటర్ కోసం అంత కిందికా అని అందరూ ఏకేశారు. ఆ 31 ట్రావిస్ ఫ్రెడరిక్, ఐదు ప్రో బౌల్స్ (ఏటా మేటి ఆటగాళ్ళకి దక్కే ఎంపిక). 2021లో 10 (1300) నుంచి 12 (1200)కి దిగి 84 (170) తెచ్చుకున్నాం. ఆ 12 మన స్టార్ డిఫెండర్ మైకా పార్సన్స్.

దిగనప్పుడు? 2017లో 28లో కదలకుండా కూర్చుని టాకో చార్ల్‌టన్‌ని తీసుకున్నాం. తర్వాత స్టార్ అయిన టీజే వాట్ 30లో వెళ్ళాడు. దీని మీద ఇంకేం చెప్పను.

నల్గొండ_నోస్‌టాకిల్ · ఏప్రిల్ 16

వాట్ పేరు ఎత్తకున్రి, పొద్దుగాల పొద్దుగాల బీపీ పెంచకున్రి.

ట్రెంచ్_శాస్త్రి · ఏప్రిల్ 17

చార్ల్‌టన్ తప్పు దిగకపోవడం వల్ల కాదు, తప్పు మనిషిని ఎంచుకోవడం వల్ల. 30కి దిగి ఉన్నా మనవాళ్ళు చార్ల్‌టన్‌నే తీసుకునేవాళ్ళు. రెండూ కలపకండి.

సెంటర్ రెండో రౌండ్ దాకా ఆగొచ్చన్న మాట మాత్రం కొట్టిపారెయ్యను. వెస్ట్ వర్జీనియా జాక్ ఫ్రేజియర్‌ని చూడండి. రెజ్లింగ్ నుంచి వచ్చినవాడు, వంగి నిలదొక్కుకునే బలం ఉంది, ఎవడూ అతని కిందికి దూరలేడు. నవంబర్‌లో బేలర్ ఆట చివరి నిమిషంలో కాలి ఎముక విరిగింది, జట్టుకి టైమౌట్లు లేవు. అక్కడే పడుకుంటే గడియారం నుంచి 10 సెకన్లు కోస్తారని తెలిసి, పాక్కుంటూ మైదానం బయటికి పోయాడు. ఆ ఆట గెలిచారు. నొప్పి సంగతి కాదు నేను చెప్పేది. అంత నొప్పిలోనూ గడియారం, రూలు రెండూ గుర్తున్నాయి. సెంటర్ చెయ్యాల్సింది సరిగ్గా అదే. ఎవడు మధ్య లైన్‌బ్యాకరో వేలు పెట్టి చూపించి, ఎటు జరగాలో నలుగురికీ అరిచి, అదే సెకనులో షాట్‌గన్ స్నాప్ (దూరంగా వెనక నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్‌కి బంతి విసరడం) డాక్ ఛాతీ ఎత్తుకి వెయ్యాలి. స్నాప్ అడుగు ఎత్తు తప్పితే డాక్ కళ్ళు రిసీవర్ మీద నుంచి బంతి మీదకి దిగుతాయి, ఆ ఆట అక్కడితో సరి.

నా భయమల్లా ఫ్రేజియర్ 56 దాకా ఉండకపోవడం. కాన్సస్ స్టేట్ కూపర్ బీబీ ఇంకా కిందికి రావచ్చు. అతను గార్డ్, చేతులు పొట్టి, సెంటర్‌గా నేర్పాలి. మళ్ళీ అదే వేసవి కథ, కానీ టాకిల్‌ని వైపు మార్చడంతో పోలిస్తే ఇది చిన్న మార్పు.

ఫ్రిస్కో_మాధవ్ · ఏప్రిల్ 17

ఏడో రౌండ్ మీద ఒక ముక్క, ఎవరూ మాట్లాడరు కాబట్టి. 233, 244 పిక్‌లు ఆటగాళ్ళ కోసం కంటే ఫోన్ గొడవ తప్పించుకోవడానికే ఎక్కువ పనికొస్తాయి. చివరి పేరు చదవగానే అన్‌డ్రాఫ్టెడ్ వాళ్ళ కోసం 32 క్లబ్బులూ ఒకేసారి మీద పడతాయి, ఏజెంట్లు బోనస్ పెంచుతారు. కచ్చితంగా కావాల్సినవాడు ఉంటే 244లోనే పేరు చదివేసి పోటీ లేకుండా చేసుకుంటారు. మన పాత క్వార్టర్‌బ్యాక్ రోమో, టాకిల్ స్టీల్ ఇద్దరూ ఆ అన్‌డ్రాఫ్టెడ్ దారిలోనే వచ్చారు.

అలాగే "30 విజిట్లు" లిస్టు గమనించండి. ఒక్కో క్లబ్ 30 మందిని తన ఆఫీసుకి పిలిపించుకోవచ్చు. టీసీయూ, ఎస్ఎంయూ లాంటి స్థానిక కుర్రాళ్ళు ఆ లెక్కలోకి రారు, వాళ్ళకి విడిగా ఒకరోజు పెడతారు. మనవాళ్ళు పై రౌండ్లలో తీసుకునేవాళ్ళు చాలావరకు ఆ 30లో కనిపిస్తారు.

మోడరేటర్ · ఏప్రిల్ 18

డాక్ జీతం మీద వచ్చిన నాలుగు పోస్టులు పాత థ్రెడ్‌కి మార్చాను. దయచేసి అక్కడే కొట్టుకోండి.

చార్ట్_గురూ · ఏప్రిల్ 18

సరే, ఒక నియమం పెట్టుకుందాం. ఫౌటానూ, బార్టన్, గైటన్, మిమ్స్. 23 అయ్యేసరికి ఈ నలుగురిలో ఇద్దరు మిగిలితే ఫోన్ ఎత్తి 28కో 29కో దిగడం. ఒక్కడే మిగిలితే దిగకుండా వాణ్ణే తీసుకోవడం. నలుగురూ పోతే దిగడం తప్ప దారి లేదు, 24లో పవర్స్-జాన్సన్ ఎక్కువ ధర. దిగితే వచ్చిన పిక్‌తో లోపలి లైన్, 56లో డిఫెన్స్, 87లో లైన్‌బ్యాకరో పంతులు గారి బ్యాకో. శాస్త్రి గారు, ఒప్పుకుంటారా?

నల్గొండ_నోస్‌టాకిల్ · ఏప్రిల్ 18

56ల డిఫెన్స్ అన్నవ్ కదా, సాలు. నా ఓటు నీకే.

ట్రెంచ్_శాస్త్రి · ఏప్రిల్ 18

సగం ఒప్పుకుంటా. ఒక్కడే మిగిలితే ఆ ఒక్కడు ఎవరు అన్నదే ప్రశ్న. ఫౌటానూ, బార్టన్ అయితే ఆలోచించకుండా పేరు ఇచ్చెయ్యాలి. గైటన్ అయితే మొదటి ఏడు తప్పులు భరించే ఓపిక కోచ్‌లకి ఉందో లేదో చూసుకుని. 8 స్టార్ట్‌ల మిమ్స్ ఒక్కడే ఉంటే మాత్రం ముందు బఫలోకి, తర్వాత డెట్రాయిట్‌కి ఫోన్ చెయ్యాలి.